ఐదేళ్లు సపోర్ట్‌లోనే గడిచాయి, ఇంటర్వ్యూలో ఏం చెప్పుకోవాలి?

ప్రశ్న: మేడమ్, నమస్తే. నాకు 28 ఏళ్లు. 2019లో ఈసీఈలో బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో నాలుగు నెలలు జావా కోర్సు చేసి ఒక సర్వీస్ కంపెనీలో చేరాను. జావా అని తీసుకుని ప్రొడక్షన్ సపోర్ట్‌లో, అంటే నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు చూసే పనిలో వేశారు. అమెరికా ఇన్సూరెన్స్ క్లయింట్, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు దాకా షిఫ్ట్. ఐదేళ్లకు పైగా టికెట్లు (సమస్యల ఫిర్యాదులు) క్లోజ్ చేయడమే పని. డెవలపర్‌గా మారాలని నాలుగు నెలలుగా ప్రిపేర్ అవుతున్నాను, లీట్‌కోడ్ అనే కోడింగ్ ప్రాక్టీస్ సైట్‌లో 280 ప్రాబ్లమ్స్ చేశాను. ఏడు కంపెనీల ఆన్‌లైన్ టెస్టులు దాటాను. కానీ మనిషి ఎదురుగా కూర్చుని అడిగితే తెలిసింది కూడా గుర్తురావడం లేదు. "ప్రాజెక్టులో మీరేం చేశారు" అనగానే చేతులు చల్లబడిపోతున్నాయి. రెజ్యుమెలో జావా డెవలపర్ అని పెట్టుకున్నాను, నిజానికి డెవలప్ చేసిందేమీ లేదు. పోయినేడాది నెలాఖరు బ్యాచ్ జాబ్ (లెక్కలన్నీ ఒకేసారి నడిపే ప్రోగ్రామ్) ఆరు గంటలు పడుతుంటే, క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) చూసి మార్పించి నలభై నిమిషాలకు తెచ్చాను, అంతే. మా ఫ్రెండ్ ప్రాక్సీని, అంటే ఇంటర్వ్యూలో నా బదులు జవాబులు చెప్పే మనిషిని పెట్టుకోమంటోంది, ముప్పై వేలట. అందరూ అదే చేస్తున్నారట. నోటీస్ పీరియడ్ 90 రోజులు. ముందే రిజైన్ చేస్తే త్వరగా తీసుకుంటారా? మూడేళ్ల పాప, హోమ్ లోన్ ఉన్నాయి. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంగ్లిష్ అంతంతమాత్రం.
– పేరు వద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే మాట దగ్గర ఆగాను. ఆరు గంటల జాబ్‌ని నలభై నిమిషాలకు తెచ్చి, దాని పక్కన "అంతే" అని రాశారు. లీట్‌కోడ్ ప్రాబ్లమ్స్‌ని మాత్రం లెక్కపెట్టి మరీ చెప్పారు. మీ చిక్కంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తోంది. పదమూడేళ్లుగా ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చుంటున్నాను. లింక్డ్ లిస్ట్ (నోడ్‌లు గొలుసులా కలిసిన డేటా వరుస) తిరగేయగలిగేవాళ్లు ఎంతమందైనా వస్తారు. "ఇది నెమ్మదిగా నడిచేది, ఎందుకో నేను కనుక్కున్నాను" అని మొదటి నుంచి చివరిదాకా చెప్పగలిగేవాళ్లు నెలకొకరు దొరికితే గొప్ప.

మీరు నా ఎదురుగా కూర్చుని ఆ సంగతి ఎత్తారనుకోండి. నేనిక లీట్‌కోడ్ జోలికి వెళ్లాలనుకోను. జాబ్ నెమ్మదించిందని మీకెలా తెలిసింది, క్లయింట్ మొత్తుకున్నాడా, మీరే చూశారా? ముందు దేన్ని అనుమానించారు? సర్వర్‌నా, డేటాబేస్‌నా? ఎక్స్‌ప్లెయిన్ ప్లాన్ (డేటాబేస్ క్వెరీని ఎలా నడుపుతుందో చూపేది) తీశారా, అందులో ఏం కనబడింది? మార్చడానికి ఎవరిని ఒప్పించాల్సి వచ్చింది? ఇలా అడుగుతూ పోతాను. వీటిలో ఒక్కదానికి కూడా మీరు ఏ పుస్తకం తిరగేయక్కర్లేదు, ఆ రాత్రి అక్కడున్నది మీరే కాబట్టి.

అసలు కారణం ఏమిటో మీరు రాయలేదు. ఇలాంటి కేసుల్లో నాకు తరచూ దొరికే దొంగ ఒకడున్నాడు, మీవాడితో పోల్చి చూసుకోండి. పాలసీ తేదీ కాలమ్ మీద ఇండెక్స్ (కావాల్సిన రికార్డులు త్వరగా దొరికేలా పెట్టే సూచిక) ఉంటుంది. తేదీతో పాటు టైమ్ కూడా ఉండి అడ్డొస్తోందని, క్వెరీ రాసినాయన ఆ కాలమ్‌ని టైమ్ తీసేసే ట్రంక్ ఫంక్షన్‌లో పెట్టి పోలుస్తాడు. కాలమ్‌ని అలా ఫంక్షన్‌లో చుట్టేస్తే ఒరాకిల్ డేటాబేస్‌కి ఆ మామూలు ఇండెక్స్ అక్కరకు రాదు. చివరికి టేబుల్ మొత్తం చదువుకుంటూ పోతుంది. లక్ష రికార్డులున్నప్పుడు ఎవరికీ తెలియదు, నాలుగు కోట్లయ్యాక నెలాఖరున తెల్లారిపోతుంది. ఫంక్షన్ తీసేసి "ఈ నెల ఒకటో తేదీ నుంచి, వచ్చే నెల ఒకటో తేదీకి ముందు వరకు" అని రాస్తే ఇండెక్స్ మళ్లీ పనిలోకి వస్తుంది. మీ కేసు ఇదే కావచ్చు, ఇంకోటి కావచ్చు. ఏదైనా సరే, దాని వెనకే వచ్చే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. కొత్త ఇండెక్స్ వేయించి ఉంటే, ఇన్సర్ట్‌లు బరువెక్కుతాయి కదా, చూసుకున్నారా అంటారు. టెస్ట్ సర్వర్‌లో ఈ సమస్య ఎందుకు బయటపడలేదు అంటారు. అక్కడ డేటా చిన్నది కాబట్టి అని మీకు తెలుసు. క్వెరీ మార్చాక పాత ఫలితం, కొత్త ఫలితం ఒకటేనని ఎలా నమ్మారు? ఈ చివరిదానికి చాలామంది నీళ్లు నములుతారు. "ఇన్సూరెన్స్ డబ్బులు కదండీ, అందుకని పాత నెల డేటా మీద రెండు క్వెరీలూ నడిపి పోల్చి చూశాం" అని మీరు చెప్పగలిగితే, అప్పటిదాకా లాప్‌టాప్‌లో మెయిల్స్ చూసుకుంటున్న రెండో ప్యానెలిస్టు కూడా తలెత్తుతాడు.

ఇలాంటివి ఇంకో నాలుగు వెతకండి. ఆఫీసులోనే టికెట్ టూల్ తెరిచి, మీ పేరు మీదున్నవి రెండేళ్ల వెనక్కి చూసుకుంటూ వెళ్లండి. అమెరికా క్లయింట్ అన్నారు కాబట్టి ఒకటి నేనే ఊహించి చెబుతాను. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట ముందుకీ వెనక్కీ జరుపుతారు. రాత్రి రెండున్నరకి పెట్టిన జాబ్ మార్చిలో ఆ రోజు అసలు నడవకపోవచ్చు, ఒకటిన్నరకి పెట్టింది నవంబర్‌లో రెండుసార్లు నడవొచ్చు. సపోర్ట్‌లో ఐదేళ్లున్నవాళ్లు ఆ ఆదివారాలను మర్చిపోలేరు. డెవలపర్లకేమో ఆ సంగతే తెలియదు, వాళ్లు శుక్రవారం కోడ్ పంపేసి ఇంటికెళ్లిపోయి ఉంటారు. మెమరీ నిండిపోయి సర్వర్ పడిపోవడం, ఒకే ప్రీమియం రెండుసార్లు కట్ అవడం, పాస్‌వర్డ్ గడువు తీరి ఫైల్ రాకపోవడం, అన్నీ కథలే. ఒక్కటి మాత్రం జాగ్రత్త. క్లయింట్ కోడ్ గానీ లాగ్‌లు గానీ సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. నోట్స్ అంతా మీ మాటల్లో, మీ పుస్తకంలో రాసుకోండి.

రెజ్యుమె సంగతి. జావా డెవలపర్ అన్న మాట ఈ రోజే తీసేయండి. నీతి కోసమని అనడం లేదు. మిమ్మల్ని చల్లబరుస్తున్నది ఆ మాటే. "ప్రాజెక్టులో మీరేం చేశారు" అన్న ప్రశ్న వినగానే మీ బుర్రలో సగం జవాబు వెతుకుతుంది, సగం దొరికిపోతానేమోనని కాపలా కాస్తుంది. ఇక నోరు ఎక్కడ పెగులుతుంది? "జావా అప్లికేషన్ ప్రొడక్షన్ సపోర్ట్, కోడ్ ఫిక్స్‌లు, ఎస్‌క్యూఎల్ ట్యూనింగ్" అని ఉన్నదున్నట్టు పెట్టండి. మీరు ముట్టుకున్న కోడ్ ఎంతో గిట్‌లో (కోడ్ మార్పుల రికార్డులో) చూసుకోండి, పది ఫిక్స్‌లున్నా పది అని రాయండి. దీనివల్ల కాల్స్ కొన్ని తగ్గుతాయి, అది నిజమే. వచ్చే కాల్స్ మాత్రం మీకోసం వచ్చేవి అవుతాయి.

ఇక బట్టీ గురించి. జావా ఇంటర్వ్యూల్లో "హ్యాష్‌మ్యాప్ లోపల ఎలా పనిచేస్తుంది" అన్నది సుప్రభాతం లాంటిది. కీ చెబితే విలువ వెతికిచ్చే పట్టిక అది. మొదట 16 బకెట్లు (అరలు), లోడ్ ఫ్యాక్టర్ 0.75, పదమూడో ఎంట్రీ పడితే సైజు రెట్టింపు, జావా 8 నుంచి ఒకే బకెట్‌లో గొలుసు మరీ పెరిగితే రెడ్ బ్లాక్ ట్రీ. ఎక్కాల్లా అప్పజెబుతారు. అప్పుడు నేను అడిగేది ఒకటే: మ్యాప్‌లో వేసేశాక, కీగా పెట్టిన ఆబ్జెక్ట్‌లోని ఒక విలువ మార్చితే ఏమవుతుంది? హ్యాష్ కోడ్ (ఏ బకెట్‌లో పడాలో తేల్చే అంకె) ఆ విలువ మీద ఆధారపడి ఉంటే అది మారిపోతుంది, వెతకడం ఇంకో బకెట్‌లో మొదలవుతుంది, పెట్టిన వస్తువు ఇంట్లోనే ఉండి కూడా దొరకదు. కీకి స్ట్రింగ్ ఎందుకు నప్పుతుందో, అది మారకుండా ఉండటం వల్ల లాభమేమిటో అక్కడి నుంచి దానంతటదే వస్తుంది. అంకెలు అప్పజెప్పినవాళ్లలో సగానికి పైగా ఈ ప్రశ్నకి బిక్కమొహం వేస్తారు. ట్రీ సంగతి తెలియకపోయినా ఇది చెప్పగలిగినవాళ్లకి నేను మంచి మార్కులే వేస్తాను.

మనిషి ఎదురుగా ఉంటే గుర్తురావడం లేదన్నారు. నాకూ జరిగింది. 2008లో మాదాపూర్‌లో ఒక కంపెనీ. లింక్డ్ లిస్ట్ తిరగేయమన్నారు. వచ్చు కదా అని బోర్డు మీద గబగబా రాసేశాను. "ఒక్క నోడే ఉంటే?" అన్నాడాయన, చాలా మామూలుగా. తప్పు చేశాననుకుని మొత్తం చెరిపేశాను! నిజానికి నా కోడ్ ఒక్క నోడ్‌కి కూడా సరిగ్గానే పనిచేస్తుంది. ఆయన అడిగింది నాకు తెలుసో లేదో చూద్దామని. చేతిలో డస్టర్‌తో నిలబడ్డ ఆ నిమిషం ఇప్పటికీ గుర్తే. బస్సులో ఇంటికొస్తూ అర్థమైంది, ఆ కోడ్‌ని నేను చేత్తో వందసార్లు రాశాను గానీ నోటితో ఒక్కసారి కూడా చెప్పలేదని.

మీ 280 కూడా అలాంటివే. రాత్రి పదకొండు తర్వాతో, పాప లేవకముందో, చప్పుడు లేకుండా చేసినవి. ఇంటర్వ్యూ చప్పుడు చేయాల్సిన పని. కాబట్టి కొత్తవి చేయడం ఆపేయండి. చేసినవాటిలోంచి నలభై తీసి, కాగితం మీద, పైకి మాట్లాడుతూ మళ్లీ చేయండి. ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. మొదటి రెండు రోజులు మీ గొంతు మీకే చిరాగ్గా ఉంటుంది, పట్టించుకోవద్దు.

ఎలా మాట్లాడాలో ఒకటి చేసి చూపిస్తాను. అంకెల వరుస ఇచ్చి, కలిపితే ఫలానా మొత్తం వచ్చే రెండు అంకెలు వెతకమన్నారు. మీకు వచ్చు, హ్యాష్‌మ్యాప్ అని నాలుక చివర ఉంది. ఆగండి. ముందు వాళ్లనే అడగండి: మైనస్ అంకెలు ఉంటాయా, ఒకే అంకె రెండుసార్లు రావచ్చా, జవాబు లేకపోతే ఏం పంపాలి? తర్వాత నాలుగైదు అంకెలతో చిన్న ఉదాహరణ రాసుకోండి. ఆ తర్వాత మొద్దు పద్ధతి చెప్పండి, సిగ్గుపడకుండా: "ప్రతి జతనీ కలిపి చూడొచ్చు. కానీ పది లక్షల అంకెలుంటే దాదాపు యాభై వేల కోట్ల జతలవుతాయి." అప్పుడు మెరుగైనది: "ఒక్కో అంకె దగ్గరా దానికి కావాల్సిన జోడీ ఇంతకుముందు కనబడిందా అని మ్యాప్‌లో చూస్తే, పది లక్షల అడుగుల్లో అయిపోతుంది. బదులుగా మెమరీ ఖర్చవుతుంది." కోడ్ రాయడం ఆ తర్వాత. రాశాక వరుసలో 3, 3 పెట్టి, మొత్తం 6 అని పెట్టి, మీరే నడిపి చూపించండి. మధ్యలో ఆగిపోతే "ఒక్క నిమిషం ఆలోచించుకుంటాను" అని చెప్పి ఆలోచించుకోండి. చెప్పి మౌనంగా ఉండటానికీ, చెప్పకుండా మౌనంగా ఉండటానికీ ఎదుటివాళ్లకి చాలా తేడా కనబడుతుంది.

తప్పు దొరికితే ఏమవుతుందన్న భయం కూడా మీకు ఉన్నట్టుంది. బైనరీ సెర్చ్ తెలుసు కదా, క్రమంలో పేర్చిన పది లక్షల అంకెల్లో ఇరవై అడుగుల్లో వెతికేది. జావా సొంత లైబ్రరీలో ఉన్న బైనరీ సెర్చ్‌లోనే ఏళ్ల తరబడి ఒక తప్పు ఉండిపోయింది. మధ్య స్థానం కోసం కింది హద్దునీ పై హద్దునీ కలిపి రెండుతో భాగించారు. వరుస 107 కోట్లు దాటితే ఆ కూడికే ఇంటిజర్‌లో పట్టక మైనస్‌లోకి పోతుంది. ఆ కోడ్ రాసిన జాషువా బ్లాకే 2006లో దాని గురించి రాశాడు. తేడాని సగం చేసి కింది హద్దుకి కలిపితే సరిపోతుంది. జావా లైబ్రరీ రాసినాయనకే అది జరిగితే, మాదాపూర్‌లో నలభై నిమిషాల్లో మీరు రాసిన కోడ్‌లో ఒక తప్పు దొరకడం పెద్ద వింతేమీ కాదు. దొరికాక ఎలా సర్దుతారన్నదే మేం చూస్తాం. నాలా డస్టర్ అందుకోకండి.

ఏం చదవాలి అన్నదానికి ఎక్కువ చెప్పను. సర్వీస్, మధ్యస్థ కంపెనీలకైతే ఎస్‌క్యూఎల్ మీ బలం, దాన్ని ఇంకా పదును పెట్టండి. జావాలో కలెక్షన్స్, ఎక్సెప్షన్స్, థ్రెడ్‌ల ప్రాథమికాలు. స్ప్రింగ్ బూట్‌లో (జావా అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ఒక చిన్న అప్లికేషన్ మీరే కట్టండి, ట్రాన్సాక్షన్ మధ్యలో ఎక్సెప్షన్ వస్తే ఏం వెనక్కి పోతుందో, ఏం పోదో మీ కళ్లతో చూడండి. డైనమిక్ ప్రోగ్రామింగ్ లాంటి కష్టమైన ప్రాబ్లమ్స్ మీద కూర్చుని ఏడవడం ఇప్పటికి అనవసరం, పెద్ద ప్రొడక్ట్ కంపెనీల వైపు వెళ్లేటప్పుడు చూసుకోవచ్చు. మీ షిఫ్ట్ రెండింటికి కదా, పాపని ప్లేస్కూల్‌కి పంపుతుంటే పొద్దున ఒక గంట చాలు.

ఇంగ్లిష్. హైదరాబాద్ ప్యానెళ్లలో సగం మంది మనలాంటివాళ్లే, మాలో చాలామంది తెలుగు మీడియమే. "నా ఇంగ్లిష్ బాగుండదు, సారీ" అని మొదలుపెట్టకండి, అప్పటిదాకా ఎవరూ గమనించని దాన్ని మీరే చూపిస్తున్నారు. వాక్యాలు పొట్టిగా పెట్టుకోండి. బ్యాచ్ జాబ్ కథని ముందు తెలుగులో మీవారికో, పక్కింటావిడకో చెప్పండి. సాఫ్ట్‌వేర్ తెలియని మనిషికి అర్థమైందంటే కథ వరుసలో పడ్డట్టు. తర్వాత ఇంగ్లిష్‌లో అదే వరుసలో చెప్పండి. సగం మాటలు ఎలాగూ ఇంగ్లిష్‌వే. ప్రశ్న అర్థం కాకపోతే ఇంకోసారి చెప్పమని అడగండి, ఊహించి జవాబివ్వకండి.

ప్రాక్సీ మాట. రెండేళ్ల కిందట వీడియోలో ఒకబ్బాయిని ఇంటర్వ్యూ చేశాను. జవాబులు అదిరిపోతున్నాయి. మధ్యలో అతను గ్లాసెత్తి నీళ్లు తాగాడు. జవాబు మాత్రం ఆగలేదు! నాతో పాటున్న కొలీగ్ మ్యూట్ పెట్టుకుని నవ్వాపుకోలేకపోయాడు. నాకు నవ్వు రాలేదు, ఆ అబ్బాయి ఆ డబ్బు ఎక్కడ అప్పు తెచ్చాడో అనిపించింది. ఇప్పుడు చెవిలో చెప్పే మనిషి బదులు స్క్రీన్ మీద జవాబు రాసే ఏఐ టూల్స్ వచ్చాయి. కళ్లు ఎడమ నుంచి కుడికి వరుసలు చదువుతుంటే కనబడదనుకుంటారు. అందుకే చివరి రౌండ్‌కి ఆఫీసుకే రమ్మనే కంపెనీలు మళ్లీ పెరిగాయి. ఒకవేళ దాటేసి చేరారనుకోండి, మొదటి వారం టీమ్ రోజువారీ స్టాండప్ మీటింగ్‌లో ప్రాక్సీ కూర్చోడు. బయటపడితే ఉద్యోగంతో పాటు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మచ్చ కూడా మిగులుతుంది. అనుభవం దొంగగా కలుపుకొనే కన్సల్టెన్సీల జోలికీ వెళ్లకండి. మీ పీఎఫ్ యూఏఎన్‌ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబర్) రికార్డులో ఏ కంపెనీలో ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారో అంతా ఉంటుంది, వెరిఫికేషన్ వాళ్లు అడిగేదే అది. అందరూ అదే చేస్తున్నారన్నది మాత్రం అబద్ధం, చేసేవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే మాట. ఏఐని ఇంట్లో ప్రాక్టీస్‌కి వాడుకోండి, మీ కథ చెప్పి ఎదురు ప్రశ్నలు వేయమనండి. అందులో తప్పేమీ లేదు, పైగా అర్ధరాత్రి పన్నెండింటికి కూడా విసుక్కోదు.

రిజైన్ చేయడం. హోమ్ లోన్ పెట్టుకుని, ఆఫర్ లేకుండా పేపర్లు వేయడం ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం లాంటిది. మూడు నెలల గడువు దగ్గర పడేకొద్దీ ఏ ఆఫర్ వచ్చినా ఒప్పుకుంటారు, జీతం దగ్గర నోరెత్తలేరు. ఇమ్మీడియట్ జాయినర్ కావాలనే కాల్స్ కొన్ని చేజారతాయి, చేజారనివ్వండి. హెచ్‌ఆర్ అడిగినప్పుడు 90 రోజులని నిజం చెప్పి, ఆఫర్ వచ్చాక తగ్గించుకోవడానికి మాట్లాడతానని చెప్పండి. మేనేజర్‌తో ఇప్పుడే ఎత్తకండి, ఆఫర్ లెటర్ చేతికొచ్చాక మీ టికెట్లు ఎవరికి అప్పజెప్పాలో ప్లాన్‌తో సహా వెళ్లి అడగండి. మిగిలిన రోజులకి డబ్బు కట్టి బయటపడే వీలు కొన్ని కంపెనీల్లో ఉంటుంది, కొన్నిట్లో మేనేజర్ ఒప్పుకుంటేనే. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏముందో ఈ ఆదివారం బీరువాలోంచి తీసి చదవండి. చాలామంది దాన్ని రిజైన్ చేసిన రోజే మొదటిసారి చదువుతారు.